వెబ్‌సైటు పని మధ్యలో కస్టమర్ కొత్తవి అడిగితే పాత రేటుకే చేయాలా?

అక్కర్లేదు, కొటేషన్‌లో రాసుకున్న పేజీలు, ఫీచర్లు, సవరణలు దాటిన పనికి విడిగా డబ్బు, గడువు అడగవచ్చు. చిన్న మార్పైనా డిజైన్, మొబైల్ లేఅవుట్, టెస్టింగ్ అన్నీ మళ్లీ కదపాల్సి రావచ్చు.

కడప జిల్లా ప్రొద్దుటూరులో ఒక నగల షాపుకు 5 పేజీల సైటు ఒప్పుకున్నారనుకుందాం. సగంలో షాపువాళ్లు 'రోజువారీ బంగారం రేటు కనిపించాలి' అన్నారు. చూడ్డానికి ఒక్క లైనే. కానీ రేటు మార్చడానికి అడ్మిన్ పేజీ (షాపువాళ్లు మాత్రమే తెరిచి మార్పులు చేసే పేజీ), లాగిన్, రోజూ మార్చే మనిషి కావాలి. ధర, కొత్త తేదీ వాట్సాప్‌లోనైనా రాసి, వాళ్లు 'సరే' అన్నాకే మొదలుపెట్టాలి.

నగల ఫోటోలు వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమనండి, మామూలుగా పంపితే నాణ్యత పడిపోతుంది. ఫోటోలు, రాతలు ఆలస్యమైనన్ని రోజులు గడువూ పెరుగుతుందని ముందే రాసుకోవడం తప్పనిసరి.

అడ్వాన్స్ ఇచ్చాక ఏ మార్పైనా అందులోదేనని చాలామంది అనుకుంటారు. అడ్వాన్స్ ఒప్పుకున్న పనికి మాత్రమే.