వెన్నెముక ఆపరేషన్‌కు ముందే ప్రెగాబాలిన్ మాత్ర ఎందుకిస్తారు?

కోత పెట్టినప్పుడు పుట్టే నొప్పి సంకేతాలు వెన్నుపామును రెచ్చగొడతాయి. తర్వాత చిన్న కదలికకే నొప్పి ఎక్కువగా తెలుస్తుంది. దాన్ని ముందే అదుపు చేయాలన్నది ఉద్దేశం. నరాల నొప్పి మందు ప్రెగాబాలిన్, దాని కోవకే చెందిన గాబాపెంటిన్ నరాల కాల్షియం చానళ్లలోని (నరాల్లోకి కాల్షియం వెళ్లే దారుల్లోని) ఆల్ఫా-2-డెల్టా అనే భాగానికి అతుక్కుంటాయి. దాంతో నొప్పి సంకేతాలను మోసే గ్లుటమేట్ లాంటి రసాయనాల విడుదల తగ్గుతుంది.

మామూలుగా ప్రెగాబాలిన్ 75 నుంచి 150 మి.గ్రా., ఆపరేషన్‌కు గంట, రెండు గంటల ముందు, ఒక గుక్క నీళ్లతో. గాబాపెంటిన్ అయితే 300 నుంచి 600 మి.గ్రా. దీని డోసు రెట్టింపు చేసినా రక్తంలోకి రెట్టింపు చేరదు, పేగు పీల్చుకోవడానికి ఓ హద్దుంది. చాలాచోట్ల పారాసిటమాల్ 1 గ్రాము కూడా కలుపుతారు.

చిక్కల్లా ఈ మందులు తెచ్చే మత్తుతోనే. మార్ఫిన్, ఫెంటనిల్ లాంటి బలమైన నొప్పి మందులు తోడైతే ఊపిరి మందగించవచ్చు. 2019లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇదే హెచ్చరించింది. ప్రెగాబాలిన్, గాబాపెంటిన్ రెండూ కిడ్నీల ద్వారానే బయటికి పోతాయి కనక రక్తంలో క్రియాటినిన్ ఎక్కువున్నవారికి, అంటే కిడ్నీల పని తగ్గినవారికి, డోసు తగ్గించాలి. వయసు పైబడినవారికి, నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవారికి అసలు అవసరమా అని ఆలోచించాలి. అందరికీ అలవాటుగా రాసేయడం సరికాదు.

ఆపరేషన్ తర్వాత మొదటిసారి లేపి నిలబెట్టినప్పుడు కళ్లు తిరిగితే నీరసమని సరిపెట్టుకోకండి, ఈ మాత్ర వల్ల కూడా కావచ్చు. వెంటనే కూర్చుని నర్సుకు చెప్పండి. సయాటికాకు (నడుము నుంచి కాలికి పాకే నరం నొప్పికి) ఇప్పటికే ప్రెగాబాలిన్ వాడుతుంటే మత్తు డాక్టరుకు ముందే చెప్పాలి, లేకపోతే రెండు డోసులు పడే ప్రమాదముంది. సొంతంగా ఒక్కసారిగా మానేయనూ కూడదు.