మాంసానికి 51 డాలర్లు, గదికి 127

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఇర్వింగ్‌లో ఉంటాం. ఆగస్టులో మా పదో పెళ్లిరోజు. నాకు స్టేక్ అంటే ఇష్టం, మా ఆవిడ బీఫ్ ముట్టదు, చేప, చికెన్ అయితే తింటుంది. అయినా డౌన్‌టౌన్‌లో పేరున్న స్టేక్‌హౌస్‌కే వెళ్దామని తనే అంటోంది. హైవే పక్కన చైన్ రెస్టారెంట్లో మూడో వంతుకే తినొచ్చు కదా అని నా బాధ. కార్డు మీద బాకీల్లేవు, ఇంటి లోన్ ఉంది, ఊరికి నెలనెలా డబ్బు పంపుతాం, వారాంతాల్లో పిల్లలతో బయట తిండికి నెలకు 450 డాలర్ల దాకా అవుతోంది. ఈ బిల్లు కార్డు మీద పెట్టి డిసెంబర్‌లో బోనస్ వచ్చాక కట్టేద్దామనుకుంటున్నా, పాయింట్లూ వస్తాయి. ఏం చేయమంటారు?

జవాబు: మీరు స్టేక్ ధర అడుగుతున్నారు, మీ ఆవిడ స్టేకే తినదు. అంటే తను వెళ్దామంటున్నది మాంసం కోసం కాదని అక్కడే తేలిపోయింది. కాబట్టి ముందు బిల్లుని రెండు ముక్కలు చేద్దాం, మాంసం ఎంత, గది (అంటే మనం కూర్చునే చోటు, అక్కడి వాతావరణం) ఎంత అని. మనిషికి 130 అవుతుందట అని మొత్తం అంకె చూసి గుండె పట్టుకుంటే దేనికి కడుతున్నామో తెలీదు.

డౌన్‌టౌన్ బిల్లు నా అంచనాలో ఇలా ఉంటుంది. మీకు రిబ్‌ఐ స్టేక్ 70, ఆవిడకు సామన్ చేప 48, సైడ్స్ అక్కడ విడిగా కొనుక్కోవాలి కాబట్టి రెండిటికి 32, ఒక డెజర్ట్ 15, మీకో గ్లాసు వైను, ఆవిడకో మాక్‌టెయిల్ కలిపి 34. మొత్తం 199. దాని మీద 8.25 శాతం ట్యాక్సు, 20 శాతం టిప్పు, కారు వాళ్లే తీసుకెళ్లి పెట్టే వాలే పార్కింగ్‌కి పది వేసుకుంటే 265. హైవే పక్కన రిబ్‌ఐ 30, సామన్ 23, సైడ్స్ ప్లేటుతోనే వస్తాయి, డ్రింకులు 15, ట్యాక్సూ టిప్పూ కలిపి 87. బేబీసిట్టర్ ఖర్చు రెండింటికీ ఒకటే, దాన్ని వదిలేద్దాం.

తేడా 178. ఇందులో మీ స్టేక్ వల్ల వచ్చింది 40, ట్యాక్సు, టిప్పు కలిపితే 51. మిగతా 127 గదికి. సామన్ సంగతే చూడండి, చేప దాదాపు అదే చేప, పాతిక డాలర్లు ఎక్కువ, ఆ పాతికా తెల్ల టేబుల్ క్లాత్‌కి, మసక దీపాలకి, మన మాట మనకు వినపడేంత నిశ్శబ్దానికి కడుతున్నాం. ఇది మోసమేం కాదు, వాళ్లు అమ్మేదే అది. అంతెందుకు, పిల్లల్ని మీరంతా తీసుకెళ్లే ఆలివ్ గార్డెన్, హైవే పక్కన కనపడే లాంగ్‌హార్న్, 500 డిగ్రీల ఫారన్‌హీట్ ప్లేటులో వెన్న చిటపటలాడుతూ స్టేక్ తెచ్చే రూత్స్ క్రిస్, ఈ మూడూ ఒకే కంపెనీవి. డార్డెన్ అనే ఆ కంపెనీ 2023లో రూత్స్ క్రిస్‌ని కొనేసింది. ఓనరు ఒక్కడే, గదులు మూడు రకాలు, ధరలూ మూడు రకాలు.

మరి మాంసంలో తేడా లేదా అంటే, ఉంది. ఖరీదైన చోట ఎక్కువగా ప్రైమ్ గ్రేడు వాడతారు, కొవ్వు సన్నటి దారాల్లా కండలో కలిసిపోయి ఉంటుంది. చైన్లలో మామూలుగా దానికింది గ్రేడు, ఛాయిస్. కానీ నిజం చెప్పండి, మీరు మీడియం రేర్ తింటారా, లేక మనవాళ్లలో చాలామందిలాగా లోపల గులాబీ రంగు కనపడితే భయపడి వెల్ డన్, అంటే పూర్తిగా కాల్చమని చెప్తారా? వెల్ డన్ అయితే ప్రైమ్‌కి డబ్బు పెట్టొద్దు. ఆ రసం కోసమే అంత ధర, దాన్ని నిప్పుల మీద ఆరబెట్టేశాక గ్రేడు గురించి మాట్లాడుకుని లాభం లేదు. నిజంగా మాంసం మీదే మనసుంటే కాస్ట్‌కో స్టోరులో ప్రైమ్ రిబ్‌ఐ తెచ్చుకుని ఇంట్లో ఇనప పెనం మీద కాల్చుకోండి, హోటల్ రేటులో సగం కూడా కాదు (కిటికీలు తీసి పెట్టుకోండి, లేకపోతే స్మోక్ అలారం మోగుతుంది, మా ఇంట్లో రెండుసార్లు మోగింది).

రెండేళ్ల కిందట ఇంత లేదే అని మీకు అనిపిస్తే, అనిపించడం కాదు, నిజమే. 2025 జనవరి లెక్కల ప్రకారం అమెరికాలో పశువులు 8.67 కోట్లు, 1951 తర్వాత అంత తక్కువకి అప్పటిదాకా ఎప్పుడూ పడిపోలేదు. కరువులొచ్చి మేత దొరక్క రైతులు ఆవుల్ని అమ్ముకున్నారు, మంద మళ్లీ పెరగాలంటే ఏళ్లు పడుతుంది. వచ్చే ఏడాది వెళ్దాంలే, అప్పటికి ధర తగ్గుతుంది అనే ఆలోచన వద్దు.

ఇక గది. హైవే పక్కన చోట్లని నేను తక్కువ చేయను, పిల్లలతో అయితే నేనూ అక్కడికే వెళ్తాను. టెక్సస్ రోడ్‌హౌస్‌లో వేడి బన్నులు, దాల్చినచెక్క వెన్న ఉచితంగానే పెడతారు (పేరులో టెక్సస్ ఉంది గానీ 1993లో మొదలైంది ఇండియానాలో, హెడ్డాఫీసు కెంటకీలో). పుట్టినరోజని చెప్తే గుర్రపు జీను మీద కూర్చోబెట్టి స్టాఫంతా చుట్టూ చేరి కేక పెడతారు, మా చిన్నాడికి అదే పండగ. కానీ పదేళ్ల కాపురం తర్వాత పిల్లలు పక్కన లేని రెండు గంటలు దొరికితే, ఎవరూ హడావిడిగా ప్లేట్లు తీసేయకుండా, టేబుల్ ఖాళీ అయితే మోగే బజర్ చేతిలో పట్టుకుని నలభై నిమిషాలు నిలబడకుండా కూర్చుందామని మీ ఆవిడ అడుగుతోంది. 127 డాలర్లు దానికి. నా లెక్కలో అది దండగ కాదు, డౌన్‌టౌన్‌కే వెళ్లండి.

కార్డు ఆలోచన మాత్రం మానుకోండి. 265 మీద నాలుగు శాతం పాయింట్లు వచ్చాయనుకున్నా పది డాలర్ల పైచిలుకు. కార్డు వడ్డీ 22 శాతం అనుకుంటే డిసెంబర్ దాకా నాలుగు నెలలకి 19 డాలర్లు. అది కూడా పెద్ద నష్టం కాదు, అసలు నష్టం ఏంటంటే, ఒకసారి బాకీ ముందుకు జరిగితే చాలా కార్డుల్లో కొత్త ఖర్చుకి ఇచ్చే వడ్డీలేని గడువు పోతుంది, అంటే ఆ నెలల్లో మీరు కొన్న పాలు, పెరుగు, పెట్రోలుకి కూడా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. డబ్బు మీ దగ్గరే ఉంది. 450 అన్నారు కదా, అది సారికి 80, 90 చొప్పున నెలకు అయిదారు సార్లు తింటున్నారని లెక్క. జులైలో రెండుసార్లు ఇంట్లోనే బిర్యానీ వండుకోండి, 178లో చాలా వరకు వచ్చేస్తుంది. బిల్లు కార్డు మీదే కట్టి ఆ నెలే తీర్చేయండి, పాయింట్లూ మీవే.

టిప్పులో మాత్రం పొదుపు వద్దు. టెక్సస్‌లో టిప్పులొచ్చే వెయిటర్‌కి యజమాని చట్టప్రకారం ఇవ్వాల్సిన కనీసం గంటకు 2.13 డాలర్లే, మిగతాది ఎక్కువగా మన చేతుల్లోంచే వెళ్లాలి. తగ్గించాలంటే వైను దగ్గర తగ్గించండి, గ్లాసుకి మనం కట్టే డబ్బుకి వాళ్లకి సీసా మొత్తం వస్తుందని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్లే అంటారు. సైడ్స్ ఒక్కోటి ఇద్దరికి సరిపోతుంది, మొహమాటానికి మూడోది చెప్పకండి.

ఆగస్టు కాబట్టి డాలస్ రెస్టారెంట్ వీక్ మెనూల గురించి ఎవరో ఒకరు చెప్తారు. ధర తక్కువే, కొంత డబ్బు నార్త్ టెక్సస్ ఫుడ్ బ్యాంకుకి కూడా వెళ్తుంది, మంచిదే. కానీ ఆ రోజుల్లో జనం కిక్కిరిసి ఉంటారు, మీరు కొంటున్నదేమో గది. ఆ వారాలు వదిలేసి మామూలు మంగళవారమో బుధవారమో చూసుకోండి. శ్రావణమాసం కూడా అప్పుడే వస్తుంది, ఆవిడ ఆ నెల చేపైనా తింటుందో లేదో ముందే అడగండి, బుక్ చేశాక కాదు.

బుక్ చేసేటప్పుడు పెళ్లిరోజని రాసి, గోడవైపు బూత్ (సోఫా సీట్ల టేబుల్) కావాలని, వంటగది తలుపుకి దూరంగా ఉండాలని ఫోన్ చేసి మరీ చెప్పండి. మేం మా పెళ్లిరోజుకి ఒక ఖరీదైన చోటికి వెళ్తే ఆ తలుపు పక్కనే కూర్చోబెట్టారు, అది తెరుచుకున్నప్పుడల్లా గిన్నెల చప్పుడు, లోపలి లైటు నేరుగా మా ఆవిడ మొహం మీద. స్టేక్ బ్రహ్మాండంగా ఉంది, కానీ ఇప్పటికీ ఆ సాయంత్రం మాటొస్తే మా ఇంట్లో తలుపు గురించే మాట్లాడతారు. టేబుల్ మార్చమని అడగడానికి నాకు మొహమాటం అడ్డొచ్చింది. మీరు అడగండి.