మెషిన్ గన్‌లు పోలీస్ చీఫ్ సొంత దుకాణానికి ఎలా చేరాయి?

అమెరికాలో జనానికి నిషేధమైన మెషిన్ గన్‌లు పోలీసు అధికారి ద్వారా ఎలా బయటికొస్తాయని అడిగారు. దారి ఒక ఉత్తరం.

1986 మే 19 తర్వాత తయారైన మెషిన్ గన్ అక్కడ సామాన్యుల దగ్గర ఉండకూడదు. పోలీసు శాఖలు కొనుక్కోవచ్చు. లైసెన్సున్న డీలర్‌కి కూడా నమూనా తుపాకీ దొరుకుతుంది, కానీ "మాకు దీన్ని చూపించండి, కొనే ఆలోచన ఉంది" అని పోలీసు శాఖ లెటర్‌హెడ్‌పై రాసివ్వాలి. దాన్ని నమ్మి ఏటీఎఫ్ (తుపాకుల వ్యాపారాన్ని నియంత్రించే అమెరికా కేంద్ర సంస్థ) అనుమతిస్తుంది. అంటే మొత్తం ఒక సంతకం మీదే నడుస్తోంది. నాకు భయం వేసేది ఇక్కడే.

అయోవా రాష్ట్రంలోని అడైర్ జనాభా సుమారు 800. అక్కడి అప్పటి పోలీస్ చీఫ్‌కి సొంత తుపాకుల దుకాణం ఉండేది. చీఫ్‌గా తనే ఉత్తరాలు రాసి, కొన్ని తన దుకాణానికే తెప్పించుకున్నాడు. ఊరి పేరు చెప్పి కొన్నవాటిలో కొన్నింటిని లాభానికి అమ్మేశాడు. నిమిషానికి వేల గుళ్లు పేల్చే మినీగన్ కోసం కూడా అర్జీ పెట్టాడు. అంత చిన్న ఊరికి అదెందుకు?

2024 ఫిబ్రవరిలో జ్యూరీ దోషిగా తేల్చింది, జులైలో 5 ఏళ్ల జైలుశిక్ష పడింది.