గాలం కబుర్లు: నది రాడ్‌తో సముద్రానికి వెళ్లొచ్చా?

ప్రశ్న: ఆరేళ్లుగా ఆదివారాలు సీతానగరం దగ్గర కృష్ణలో గాలం వేస్తున్నాను. 7 అడుగుల రాడ్, చిన్న రీల్, ఎరకు గోధుమపిండి ముద్ద. జెల్ల, శీలావతి, ఎప్పుడైనా బొచ్చె పడుతుంటాయి. ఇప్పుడు స్నేహితులు సూర్యలంక రమ్మంటున్నారు. ఈ సామాను అక్కడ పనికొస్తుందా, 12 అడుగుల రాడ్ కొనాలా? నదికీ సముద్రానికీ అసలు తేడా ఏమిటి?
– ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: రాడ్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మార్చుకోవలసింది కూర్చునే అలవాటు. ప్రకాశం బ్యారేజీ ఎగువన నీళ్లు నిలకడగా ఉంటాయి. ముద్ద వేసి, బెండు మీద చూపు నిలిపి ఒకే చోట రెండు గంటలు కూర్చున్నా చేప వస్తుంది. ఒడ్డు మనకు తెలిస్తే చాలు. సముద్రం దగ్గర మాత్రం వేళ తెలియాలి.

నేను మొదటిసారి సూర్యలంక వెళ్లినప్పుడు మా విజయవాడ అలవాటునే వెంట తీసుకెళ్లాను. పొద్దున 10కి మొదలుపెట్టి ఒంటిగంట దాకా ముద్దలు వేస్తూనే ఉన్నాను. రెండు అలలు తగిలేసరికి గాలం మీద పిండి ఉండేది కాదు. వల ఆరబెట్టుకుంటున్న ఒక పెద్దాయన చాలాసేపు చూసి, ‘‘పిండి అలకి ఆగదు బాబూ, రొయ్య గుచ్చు. అయినా ఇప్పుడు నీళ్లు దిగిపోతున్నాయి, సాయంత్రం పోటుకి రా’’ అన్నాడు. ఆగి సాయంత్రం వేశాను. అరగంటలో మాగ పడింది, జానెడు ఉంటుందేమో. దాని మూతి కింద మీసాల్లాంటి పోగులు నాలుగేసి ఉంటాయి. నదిలో అలాంటి చేపను చూసి ఎరగను, చాలాసేపు చేతిలో పట్టుకుని చూస్తూ ఉండిపోయాను.

మన తీరంలో రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. ఈ రోజు ఉదయం 6 గంటలకు పోటు నిండితే రేపు 7కి కాస్త ముందు నిండుతుంది. నీరు ఎక్కేటప్పుడు ఇసుకలో దాక్కున్న పీతలు, పురుగులు కదులుతాయి, వాటి కోసం చేప ఒడ్డుకు దగ్గరగా వస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజుల్లో పోటు పెద్దది, అష్టమి ప్రాంతంలో చిన్నది. గోడ మీద తిథుల క్యాలెండర్ ఉంటే సగం పని అయినట్టే.

ఎరకు రొయ్య, లేదా చేప ముక్క. సన్నటి దారంతో రెండు చుట్లు కడితే అల లాగినా ఊడదు. నదిలో చిన్న సీసం గుండు సరిపోతుంది కానీ అల కొట్టే చోట 80 నుంచి 100 గ్రాములు లేకపోతే గాలం తిరిగి కాళ్ల దగ్గరికే వస్తుంది. మీ 7 అడుగుల రాడ్ అంత బరువు విసరలేదు, బలవంతం చేస్తే విరుగుతుంది.

అలాగని 12 అడుగుల రాడ్ ఇప్పుడే కొనకండి. నా సలహా, మొదటి రెండు మూడు సార్లు అలల దగ్గరికి కాకుండా మొగ దగ్గరికి వెళ్లండి. నిజాంపట్నం వైపు డ్రెయిన్లు, ఉప్పుకాలువలు సముద్రంలో కలిసే చోట్లు అవి. అల ఉండదు, ఆటుపోట్లు మాత్రం ఉంటాయి. మీ రాడ్డే సరిపోతుంది. అక్కడ పండుగప్ప ఉంటుంది. మంచినీళ్లలోనూ పెరిగి, గుడ్లు పెట్టడానికి ఉప్పునీళ్లకు వెళ్లే చేప అది, నది నుంచి సముద్రానికి వెళ్తున్న మీలాంటివారికి సరైన గురువు. దాని మొప్ప మూత అంచు బ్లేడులా ఉంటుంది, మామూలు దారాన్ని తెగ్గోస్తుంది. గాలానికి పైన రెండు అడుగులు మందం తంగూసు కట్టుకోండి. హంసలదీవి వైపు వెళ్తే కృష్ణా అభయారణ్యం హద్దు ఎక్కడో ముందే కనుక్కోండి, అనుమతి లేకుండా లోపలికి వెళ్లొద్దు.

రీల్ గురించి గట్టిగా చెప్పాలి. ఆ మొదటి రోజు రీల్‌ను తువ్వాలుతో తుడిచి సంచిలో పెట్టేశాను. తర్వాతి ఆదివారం హ్యాండిల్ తిరగలేదు. పక్క మూత విప్పితే లోపల తెల్లటి పొడి, బేరింగ్ చుట్టూ పచ్చటి చిలుము. నాన్న కొనిచ్చిన రీల్ అది, ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. మీరు ఇంటికి రాగానే, అన్నం కూడా తినకముందే, డ్రాగ్ (చేప లాగితే దారం ఎంత బిగువుగా వదలాలో సరిచేసే మర) బిగించి మంచినీళ్లు సన్నగా పోసి కడగండి. పైపుతో జోరుగా కొడితే ఉప్పు ఇంకా లోపలికి వెళ్తుంది. ఆరాక డ్రాగ్ వదులు చేసి, చుక్క నూనె వేయండి. రాడ్ రింగులు, గాలాలు కూడా కడగాలి.

గట్టిగా లాగేది సముద్రం చేపే అంటారు కొందరు. 8 కిలోల బొచ్చెను ఒక్కసారి ఒడ్డుకు తెచ్చినవాళ్లు ఆ మాట అనరు. నా మనసు మటుకు కృష్ణ దగ్గరే ఉంది, తెల్లవారుజామున నీళ్ల మీద పొగమంచు లేచే వేళ ఇంకెక్కడా కూర్చోబుద్ధి కాదు.

సూర్యలంకలో నీళ్లు మోకాలు దాటే దాకా దిగకండి, వెనక్కి లాగే నీరు కాళ్ల కింద ఇసుకను తీసేస్తుంది. బ్యారేజీ దిగువన కూడా గేట్లు ఎత్తే రోజుల్లో ఇసుక తిన్నెల మీదికి వెళ్లొద్దు.

ప్రశ్న: సముద్రపు జెల్లను గాలం నుంచి తీస్తుంటే మా తమ్ముడి అరచేతిలో ముల్లు దిగింది. రెండు రోజులు చెయ్యి వాచిపోయింది. మళ్లీ అలా జరిగితే ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: వీపు మీద ఒకటి, రెండు పక్కలా చెరొకటి, రంపంలా పళ్లున్న ముళ్లు ఉంటాయమ్మా దానికి, వాటిలో విషం ఉంటుంది. ఓర్చుకోగలిగినంత వేడి నీళ్లలో చెయ్యి అరగంటకు పైగా ఉంచితే నొప్పి తగ్గుతుంది. చర్మం కాలకుండా వేడి ముందు ఇంకొకరు చూడాలి, గుచ్చుకున్న చేతికి తెలియదు. ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే, ముల్లు విరిగి లోపల ఉండిపోవచ్చు, టెటనస్ ఇంజెక్షన్ కూడా అడగండి. ఈసారి తమ్ముణ్ణి పట్టకారు తీసుకెళ్లమనండి. ఒట్టి చేత్తో జెల్లను పట్టుకోవద్దు, చచ్చిన జెల్లను కూడా.