గోడ నాకే పెయ్యకు ఏం పెట్టాలి?

చిరంజీవి సౌజన్యకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు ఫోనులో అడిగినదానికి రెండు మాటల్లో జవాబు చెప్పలేక ఇది రాస్తున్నాను. పెయ్య గోడ నాకుతోంది, గేదె తాడు నములుతోంది, దుకాణంలో మినరల్ పొడి ధర వింటే గుండె గుభేలుమంటోంది, ఇంట్లోనే కలుపుకోవచ్చా అని కదా అడిగావు. కలుపుకోవచ్చు. అయితే అన్ని పశువులకూ కాదు.

ముందు నట్టల మందు తాగించు. కడుపులో పురుగులు ఉండగా ఏ పొడి వేసినా సగం వాటి పాలే. ఆ తర్వాత కూడా నాకుడు ఆగకపోతే ఉప్పో భాస్వరమో తక్కువైందని అనుకోవాలి.

మన వరంగల్ వైపు మేపంటే వరిగడ్డి, తవుడు, చేతిలో డబ్బుంటే పత్తి చెక్క. వరిగడ్డిలో కాల్షియం తక్కువ. ఆ కాస్తా ఒంటికి పట్టకుండా గడ్డిలోని ఆక్సలేట్లు అడ్డుపడతాయి. తవుడులో భాస్వరం దండిగా ఉంటుంది, కాల్షియం మాత్రం నామమాత్రం. అందుకే తవుడు తినే పశువుకు ముందుగా చూడాల్సింది కాల్షియం, ఉప్పు. ఎండాకాలంలో తవుడు మానేసి వట్టి గడ్డి మీద ఉంచావంటే భాస్వరం కూడా పడిపోతుంది. ఆవు ఇచ్చే ప్రతి లీటరు పాలతో సుమారు 1.2 గ్రాముల కాల్షియం బయటికి పోతుంది, గేదె పాలతో ఇంకా ఎక్కువ. మేతలో దొరకనిది తన ఎముకల్లోంచి తీసి ఇస్తుంది పాపం.

కాల్షియం కోసం సున్నపు తేట పట్టమని మీ అత్తగారు చెప్పిన సంగతి. లీటరు తేటలో ఒక గ్రాము కాల్షియం కూడా ఉండదు, అంటే లీటరు పాలతో పోయినంత కూడా తిరిగి రాదు. కుడితి గోలెంలో తేట వరకు కలిపితే నష్టం లేదు కనుక ఆవిడ మాట కాదనకు. అడుగున మిగిలిన సున్నం ముద్ద మాత్రం పోయనివ్వకు, నోరు, గొంతు పొక్కిపోతాయి.

ఇక పొడి. పది కిలోలకు పశువుల దాణాకు వాడే డీసీపీ (కాల్షియం, భాస్వరం రెండూ ఉండే డైకాల్షియం ఫాస్ఫేట్) మూడు కిలోలు, కాల్సైట్ పొడి, అంటే మెత్తటి సున్నపురాయి పొడి, మూడు కిలోలు, అయోడిన్ ఉప్పు నాలుగు కిలోలు. ఉండలు లేకుండా జల్లించి, పొడి చేతులతో కలిపి, మూత గట్టిగా పట్టే డబ్బాలో పెట్టు. వానాకాలంలో ఉప్పు చెమ్మగిల్లుతుంది, అప్పుడు సగమే కలుపుకో. పెద్ద పశువుకు రోజుకు 50 గ్రాములు, పెయ్యకు 25, తడిపిన దాణాలో వేయాలి. ఒకసారి కిరాణా కొట్టు తక్కెడలో 50 గ్రాములు తూయించి, చిన్న గ్లాసులో పోసి, ఎంతవరకు వచ్చిందో గీత పెట్టుకో. గుప్పెడు లెక్కలు వద్దు. నీ గుప్పెడు, మా తమ్ముడి గుప్పెడు ఒకటి కావు. ఉప్పు తిన్న పశువుకు నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి.

డీసీపీ కొన్నప్పుడు చిటికెడు పళ్ళెంలో వేసి నిమ్మరసం పిండి చూడు. బుసబుస నురగ లేస్తే అందులో సున్నపురాయి పొడి కలిసినట్టే. అదే రసం కాల్సైట్ మీద పిండితే నురగ రావాలి. తెల్లగా, మెత్తగా ఉన్న రెండు పొడుల్లో ఏది ఏదో కంటితో చెప్పడం కష్టం. డీసీపీ ఖరీదు ఎక్కువ కాబట్టి మోసం అక్కడే జరుగుతుంది.

భాస్వరం చౌకగా వస్తుందని పొలానికి తెచ్చిన సూపర్ ఫాస్ఫేట్ కలపకు. అందులో ఫ్లోరిన్ ఉంటుంది, పళ్ళూ కీళ్ళూ పాడవుతాయి. ఎముకల పొడి కూడా వద్దు, ఏ దొమ్మ రోగంతో పోయిన పశువు ఎముకలో ఎవరికి తెలుసు? పశువుకు రాగి, జింకు కూడా కావాలి కదా అని మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), జింక్ సల్ఫేట్ కొని ఇంట్లో కలుపుదామనుకోకు. అవి కావలసింది మిల్లీగ్రాముల్లో. మైలుతుత్తం కాస్త ఎక్కువైతే విషమే.

కొన్న పొడిలో అవి కొలతగా కలిసి ఉంటాయి, అందుకే పాలిచ్చేవాటికి, చూడివాటికి అదే పెట్టమంటాను. సంచి మీద ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 1664 (పశువుల మినరల్ పొడికి పెట్టిన ప్రమాణం నంబరు) అని ఉందో లేదో చూసి తీసుకో. రోజుకు 50 గ్రాములు చాలు. అందులో ఉప్పు కలిసి లేకపోతే 30 గ్రాములు విడిగా వేయి. ఇంటి పొడి వట్టిపోయినవాటికి, ఎడ్లకు, ఎదిగే పెయ్యలకు. ఉన్న నాలుగైదు పశువుల్లో సగం ఇవే కనుక ఖర్చు కూడా తగ్గుతుంది.

బాగా పాలిచ్చే ఆవు ఈనడానికి రెండు మూడు వారాల ముందు నుంచి అదనపు కాల్షియం ఆపెయ్యి. అప్పుడు దండిగా పెడితే ఎముకల్లోంచి తీసుకునే శక్తి మందగించి, ఈనగానే పాలజ్వరం వస్తుంది. పేరు జ్వరమే గానీ ఒళ్ళు చల్లబడుతుంది, చెవులు చల్లగా తగులుతాయి, మెడ డొక్క వైపు తిప్పుకుని పడుకుంటుంది. అప్పుడు నోట్లో ఏమీ పోయకు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే పశువుల అంబులెన్సు నంబరు 1962కు ఫోను చేయి, డాక్టరు నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలాసార్లు కాసేపట్లోనే లేచి నిలబడుతుంది. గేదె మూత్రం కాఫీ రంగులో కనిపించినా ఆలస్యం చేయకు, ఈనిన తర్వాత భాస్వరం పడిపోయినా అలా అవుతుంది. అనుమానాలుంటే మామునూరు పశువైద్య కళాశాల మీకు దూరం కాదు, ఒకసారి వెళ్ళి అడుగు.

పచ్చిమేత లేకుండా ఈ పొడులతోనే గడవదు. అలసంద, దశరథ గడ్డి, అవిసె చెట్టు ఆకు, మునగాకు, వీటన్నిటిలో కాల్షియం బాగా ఉంటుంది. ఆ అవిసె చెట్టు గింజలు మీ బాబాయితో పంపుతున్నాను. తొలకరి పడగానే గట్టు వెంట వేయి, మొక్క నడుము ఎత్తు దాటేదాకా మేకలు రాకుండా కంప కట్టు.

మీ పెద్దమ్మ