మలుపులో కారు టకటకమంటే ముందు యాక్సిల్ మీది రబ్బరు బూట్ చూడు, తర్వాతే డబ్బు తియ్యి

తమ్ముడూ, నీ ప్రశ్న చదివాను. మిషిగన్ వచ్చి ఎనిమిది నెలలైంది, సీనియర్ దగ్గర 2007 కరోలా కొన్నావు, 1,46,000 మైళ్ళు తిరిగిన బండి. అపార్ట్‌మెంట్ పార్కింగ్ లోంచి బయటికి తిప్పేటప్పుడల్లా ముందు చక్రం దగ్గర టక టక టకమని శబ్దం. షాపువాళ్ళు రెండు పక్కలా యాక్సిల్స్, అంటే చక్రాలకి పవర్ అందించే షాఫ్టులు, మార్చాలి, 940 డాలర్లవుతుంది అన్నారు. "అన్నయ్యా, మార్పించమంటారా, బండే అమ్మేయమంటారా?" అని అడిగావు.

రెండూ తొందరపాటే. చదువుకునే రోజుల్లో సరిగ్గా ఇలాంటి శబ్దానికే నేను వరసగా మూడు తప్పులు చేశాను. ప్రతి తప్పుకీ డాలర్లలో కట్టాను, ఆ డాలర్లని రూపాయల్లోకి మార్చుకుని నిద్ర పోగొట్టుకున్నాను. అందుకే కాస్త వివరంగా చెబుతున్నాను.

నేను 2008 ఫాల్ సెమిస్టర్‌లో డెట్రాయిట్ పక్కకి చదువుకోవడానికి వచ్చాను. నాన్నగారు తెనాలిలో ఇంటి కాగితాలు బ్యాంకులో పెట్టి లోన్ తీశారు. డాలరు 48 రూపాయల దగ్గర ఉండేది. క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని, క్లాసులు నడిచేటప్పుడు అంతకు మించి చేయడానికి వీల్లేదు. ఆ రూల్స్ నీకూ తెలిసే ఉంటాయి, యూనివర్సిటీ ఆఫీసులో మరోసారి కనుక్కో. ఆ డబ్బులోంచే కూడబెట్టి 2,400 డాలర్లకి 1999 క్యామ్రీ కొన్నాను. కొన్న మూడో నెలలో మలుపుల్లో టకటక మొదలైంది.

పాత బండికి శబ్దాలు మామూలే అని రెండు నెలలు వదిలేశాను. అది మొదటి తప్పు. దానికి కారణం నా చిన్నప్పటి అలవాటు. మా నాన్నగారి అంబాసిడర్‌కి పవర్ వెనక చక్రాలకి వెళ్ళేది, బండి కింద మధ్యలో పొడుగాటి షాఫ్టు, దానికి క్రాస్ జాయింట్లు. అవి అరిగితే క్లచ్ వదిలినప్పుడు 'ఠంగు'మని కొట్టేది. విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్ ఆ చప్పుడు విని, బండి కిందికి దూరకుండానే "క్రాస్ పోయిందండీ" అనేవాడు. షాఫ్ట్ జాయింట్ పోతే ఎలా వినిపిస్తుందో నాకు తెలుసనుకున్నాను. కానీ క్యామ్రీ, కరోలా లాంటి బండ్లలో పవర్ ముందు చక్రాలకి వెళ్తుంది. చక్రం తిరగాలి, అదే సమయంలో స్టీరింగ్‌తో పాటు పక్కకి వంగాలి కూడా. అందుకని ఒక్కో పక్క ఒక పొట్టి షాఫ్టు (అదే యాక్సిల్), దానికి రెండు కొసలా వంగి ఉన్నా ఒకే వేగంతో తిరిగే సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ) జాయింట్లు ఉంటాయి. చక్రం వైపు జాయింట్‌లో ఆరు ఉక్కు గోళీలు గాడుల్లో దొర్లుతుంటాయి. ఆ గాడులు అరిగితే తిన్నగా వెళ్ళేటప్పుడు కిక్కురుమనదు, చక్రం బాగా వంగినప్పుడే కొట్టుకుంటుంది.

రెండో తప్పు చాలా ఖరీదైంది. రూమ్మేట్ ఒకడు "బేరింగ్ అయ్యుంటుందిరా" అన్నాడు. నేను షాపుకెళ్ళి "వీల్ బేరింగ్ పోయింది, మార్చండి" అని నా నోటితోనే చెప్పాను. మార్చారు. 410 డాలర్లు. బయటికొచ్చి మొదటి మలుపు తిప్పగానే అదే టకటక. దాదాపు ఇరవై వేల రూపాయలు, అప్పట్లో మా ఇంట్లో రెండు నెలలు గడిచే డబ్బు. ఆ రాత్రి ఇంటికి ఫోన్ చేసి కూడా ఈ సంగతి చెప్పలేకపోయాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను, షాపులో రోగం పేరు చెప్పకు, లక్షణం చెప్పు. ఎప్పుడు వస్తోంది, ఏ పక్క తిప్పితే వస్తోంది, యాక్సిలరేటర్ నొక్కితే పెరుగుతోందా, ఇంతే చెప్పు. బేరింగ్ పోతే టకటకమనదు. స్పీడు పెరిగేకొద్దీ 'గుయ్య్'మని మూలుగుతుంది, తిన్నగా పోతున్నా వినిపిస్తుంది, కాలు తీసేసినా ఆగదు. ఈ తేడా ఆ రోజు నాకు తెలిసుంటే 410 డాలర్లు మిగిలేవి.

పక్క అపార్ట్‌మెంట్‌లో కార్ల ప్లాంటులో పనిచేసి రిటైరైన పెద్దాయన ఉండేవారు. మార్చి నెల, పార్కింగ్ అంచుల్లో ఇంకా నల్లటి మంచు గడ్డలు. ఆయన నా చేత స్టీరింగ్ పూర్తిగా ఎడమకి తిప్పించి, ఇంజిన్ ఆపించి, హ్యాండ్‌బ్రేక్ వేయించారు. నేల మీద అట్టపెట్టె ముక్క పరిచి నన్ను మోకాళ్ళ మీద కూర్చోమన్నారు. జాక్ అక్కర్లేదు, చక్రం తిరిగి ఉంటే దాని వెనక అంతా కనిపిస్తుంది. టార్చి వేస్తే అకార్డియన్ మడతల్లా ఉన్న నల్లటి రబ్బరు తొడుగు కనిపించింది. జాయింట్‌నీ దాని గ్రీజునీ కప్పి ఉంచే బూట్ అదే. రెండు మడతల మధ్య నిలువునా చీలి నోరు తెరుచుకుని ఉంది. రిమ్ లోపలి వైపు, సస్పెన్షన్ స్ట్రట్ మీద, గుండ్రంగా తిరుగుతూ చిమ్మిన నల్లటి గ్రీజు. ఆయన వేలితో తీసి నా వేలికి రాశారు. గరగరలాడింది. ఇసుక, రోడ్ల మీద చల్లే ఉప్పు, నీళ్ళు అన్నీ అందులోకి పోయాయి. గ్రీజు బయటికి, మట్టి లోపలికి, ఇంక ఆ జాయింట్ ఎన్నాళ్ళుంటుంది?

నువ్వూ ఇదే చెయ్యి. బాగా వెలుతురున్నప్పుడు రెండు పక్కలా చూడు. తర్వాత ఖాళీ పార్కింగ్ లాట్‌కి వెళ్ళి అద్దాలు దించి, స్టీరింగ్ చివరిదాకా తిప్పి, నెమ్మదిగా యాక్సిలరేటర్ ఇస్తూ గుండ్రంగా తిప్పు. ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి, రివర్స్‌లో కూడా. టకటక చక్రం వేగంతో పాటు పెరిగి, కాలు తీస్తే తగ్గితే అది చక్రం వైపున్న బయటి జాయింటే. సాధారణంగా ఎడమకి తిప్పితే శబ్దం వస్తే కుడి పక్కది, కుడికి తిప్పితే వస్తే ఎడమ పక్కది. అయినా చెవిని ఒక్కదాన్నే నమ్మకు, బూట్ చూసిన తర్వాతే నిర్ణయించు. గేర్‌బాక్స్ వైపున్న లోపలి జాయింట్ గొడవ వేరు. అది పోతే హైవే మీద స్పీడు అందుకునేటప్పుడు బండి వణుకుతుంది, కాలు తీయగానే వణుకు ఆగుతుంది. గతుకుల్లో మాత్రమే 'టక్కు'మంటే సస్పెన్షన్‌లోని స్టెబిలైజర్ లింకులు చూడాలి. అన్నిటికంటే ముందు టైరు గాడుల్లో రాయి ఇరుక్కుందేమో, వీల్ కప్పు వదులైందేమో, చక్రం నట్లు బిగువుగా ఉన్నాయో లేదో చూసుకో. వీటికి పైసా ఖర్చు లేదు.

ఇక మూడో తప్పు. కారణం తెలిసింది కదా అని, పార్ట్స్ షాపులో అన్నిటికంటే చవకైన, పాతదాన్ని మళ్ళీ బాగుచేసి అమ్మే యాక్సిల్ కొన్నాను. ఇంకొక గ్యారేజీలో కూలి ఇచ్చి వేయించాను. ఐదు నెలలకే 60 మైళ్ళ స్పీడులో బండి ఊగడం మొదలైంది. మళ్ళీ కొత్త యాక్సిల్, మళ్ళీ కూలి. ముప్ఫై డాలర్లు మిగుల్చుకోబోయి రెండు వందలకి పైగా పోగొట్టుకున్నాను. దానికి తోడు పాత యాక్సిల్ తెచ్చిస్తే, కొనేటప్పుడు కట్టించుకున్న 'కోర్' డిపాజిట్ వెనక్కిస్తారని తెలియక, దాన్ని గ్యారేజీలోనే వదిలేశాను. మీ బ్యాచ్ పిల్లలు ఫోన్‌లో నాలుగు వీడియోలు చూసి అన్నీ తెలుసనుకుంటారు, ఈ డిపాజిట్ సంగతి మాత్రం పది మందిని అడిగితే ఇద్దరికి కూడా తెలియదు.

ఇప్పుడు నీ 940 దగ్గరికి వద్దాం. రెండు పక్కలా ఎందుకు మార్చాలో షాపువాళ్ళని అడుగు, చిరిగిన బూట్ చూపించమను. ఒక పక్క బాగుంటే దాన్ని ముట్టుకోనక్కర్లేదు. శబ్దం ఇంకా మొదలవని పక్క బూట్ చిరిగినా, గ్రీజు బాగుంటే, బూట్ కిట్‌తోనే సరిపెట్టొచ్చు. శబ్దం వచ్చేసిన జాయింట్‌కి మాత్రం కొత్త గ్రీజు, కొత్త బూట్ వేసి లాభం లేదు, అరిగిన గాడి తిరిగి రాదు. షాఫ్టుతో సహా మార్చడమే మంచిది. పోయినేడాది మా పక్కింటి అబ్బాయి కరోలాకి ఒక పక్క, కొత్త యాక్సిల్‌తో, చిన్న గ్యారేజీలో నేను దగ్గరుండి చేయించాను. మొత్తం 330 డాలర్లు. యాక్సిల్ తీసినప్పుడు గేర్‌బాక్స్ ఆయిల్ కొంచెం కారుతుంది, అక్కడి సీల్ చూడమని, ఆయిల్ లెవెల్ సరిచూడమని ముందే చెప్పు. ఎస్టిమేట్ కాగితం మీద తీసుకో. రిపేర్ షాపుల రూల్స్ మిషిగన్ సెక్రటరీ ఆఫ్ స్టేట్ అనే రాష్ట్ర ఆఫీసు సైట్లో ఉన్నాయి, చదువుకో.

ఇది పక్కకి పెట్టేసే శబ్దం మాత్రం కాదు. జాయింట్ విరిగిందంటే ఇంజిన్ తిరుగుతూనే ఉంటుంది, బండి కదలదు. అది ఐ-94 హైవే మీద రాత్రిపూట జరిగితే టోయింగ్‌కే వందా రెండొందలు పోతాయి. బాగుచేయించేదాకా హైవే ఎక్కకు, ఊళ్ళోనే మెల్లగా తిప్పుకో.

నీకు లోన్ వడ్డీ నెలకెంత పడుతోందో నాకు తెలియదు, కానీ డాలరు రేటు చూసుకుంటే రూపాయల్లో నీ 940 అంటే నా 410కి దాదాపు నాలుగింతలు. ఇంట్లోవాళ్ళకి చెప్పాలో వద్దో అని ఈపాటికి మథనపడుతూనే ఉంటావు. ముందు బూట్ చూసి, రెండు చోట్ల ఎస్టిమేట్ తీసుకున్నాక చెప్పు, అప్పుడు చెప్పాల్సిన అంకె చాలా చిన్నదవుతుంది. నా క్యామ్రీని ఆ తర్వాత 71,000 మైళ్ళు తిప్పి, లోన్ మొత్తం తీరిన నెలలో 1,300 డాలర్లకి అమ్మాను.

శనివారం పొద్దున చూసి ఏ పక్క చిరిగిందో రాయి. ఫోటో తీసేటప్పుడు టార్చి పక్కనుంచి వెయ్యి, ఎదురుగా వేస్తే చీలిక కనిపించదు. నువ్వే విప్పుతానంటే మా గ్యారేజీకి రా, జాక్ స్టాండ్లు, యాక్సిల్ నట్టుకి పట్టే 30 ఎంఎం సాకెట్ నా దగ్గర ఉన్నాయి. ఉత్త జాక్ మీద నిలబెట్టి మాత్రం బండి కిందికి దూరకు.