న్యుమోనియా వచ్చిన బాబుకు గుండె పరీక్ష ఎందుకు?

ప్రశ్న: మాది ఆదోని దగ్గర పల్లె. మా నాలుగేళ్ల బాబుకు న్యుమోనియా ముదిరితే కర్నూలులో తొమ్మిది రోజులు వెంటిలేటర్‌పై ఉంచారు. రోజు విడిచి రోజు ఎకో (గుండె స్కాన్) తీసి, గుండె కుడివైపు భారం పడిందన్నారు. ఇంటికి వచ్చి మూడు వారాలైంది, ఆడుకుంటున్నాడు. వాడికి గుండెజబ్బు వచ్చినట్లేనా?
– ఒక తల్లి

జవాబు: అలా అనుకోనక్కర్లేదమ్మా. ఒంట్లోంచి వచ్చిన రక్తాన్ని గుండె కుడి గది ఊపిరితిత్తుల్లోకి పంపుతుంది. అక్కడి రక్తనాళాల్లో పీడనం తక్కువ కాబట్టి ఆ గది గోడ పలుచగా ఉంటుంది. న్యుమోనియా ముదిరి గాలిగదుల్లో నీరు చేరినప్పుడు, అంటే డాక్టర్లు ఏఆర్‌డీఎస్ అనే స్థితిలో, ఆక్సిజన్ అందని చోట నాళాలు ముడుచుకుంటాయి. రక్తంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగితే ఇంకా బిగుసుకుంటాయి. పైపు పూడుకుపోతే బోరు మోటారు ఎలా గింజుకుంటుందో, పలుచని కుడి గది అలా అలసిపోతుంది. బిడ్డను బతికించే వెంటిలేటర్ పీడనం కూడా హెచ్చితే ఆ నాళాలనే నొక్కుతుంది. అందుకే ఒక్కో శ్వాసకు కిలో బరువుకు 6 నుంచి 8 మిల్లీలీటర్ల చొప్పున కొలిచి గాలి ఇస్తారు, కొందరు పిల్లలను బోర్లా పడుకోబెడతారు.

ఎకో తెరపై ఎడమ గది గుండ్రంగా కనిపించాలి. కుడివైపు ఒత్తిడి పెరిగితే రెండు గదుల మధ్యగోడ ఎడమవైపుకు నెట్టుకుపోయి, ఆ గుండ్రం ఒకవైపు చదునై అర్ధచంద్రుడిలా మారుతుంది. మీ డాక్టర్లు మళ్లీమళ్లీ చూసినది బహుశా దీన్నే. అది అనవసరపు పరీక్ష కాదు. మన జిల్లాల్లోనూ కనిపించే డెంగీ, స్క్రబ్ టైఫస్ వంటి జ్వరాలు గుండె కండరాన్ని నేరుగా దెబ్బతీయగలవు కనుక, భారం ఎక్కడిదో తేల్చుకోవడానికీ ఎకో కావాలి.

ఊపిరితిత్తులు కోలుకునే కొద్దీ చాలామంది పిల్లల్లో ఈ భారం దిగిపోతుంది. అయినా చివరి ఎకో రిపోర్టు, డిశ్చార్జి కాగితాలు తీసుకెళ్లి పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించండి. ఎకో మళ్లీ ఎప్పుడు తీయాలో ఆయన చెబుతారు. బాబు నిద్రపోతున్నప్పుడు చొక్కా పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిండు నిమిషం లెక్కపెట్టండి. ఆ లెక్క 40 చేరినా, తినేటప్పుడు ఆయాసం వచ్చినా, ముఖమో కాళ్లో ఉబ్బినా వెంటనే చూపించండి. పెదవులు నీలంగా మారినా, ఆడుతూ స్పృహ తప్పినా ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. కట్టెల పొయ్యి పొగ, బీడీ పొగ వాడి దగ్గరికి రానివ్వకండి. డాక్టరు చూసి సరేనన్నాక పరుగెత్తనివ్వండి. అలసి తానే కూర్చుంటే కూర్చోనివ్వండి.